‘అమ్మ గది’ సినిమా మీద మీసుక్ అభిప్రాయం

ఆ ఆదివారం పొద్దున పొయ్యి మీద సోయామొలకల పులుసు ఉడుకుతుంటే, బల్ల దగ్గర కూతురు హయుల్ అంతకన్నా ఎక్కువ ఉడుకుతోంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి రెండు కుటుంబాల పెద్దలూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని భోంచెయ్యాలి. ఆ భోజనం సవ్యంగా అరిగితే వసంతంలో పెళ్ళి. అరక్కపోతే అంతే సంగతులు. పిల్లలు ఏడేళ్ళు ప్రేమించుకున్నా, పెద్దలు రెండు గంటలు కలిసి తినలేక చెడిన సంబంధాలు కొరియాలోని ఈ దేజాన్‌లో వీధికొకటి ఉన్నాయి.

"నాన్నా, మళ్ళీ చెప్తున్నా. రాజకీయాలు వద్దు."

"వద్దు."

"ఏ జిల్లావాళ్ళు ఎలాంటివాళ్ళో వద్దు. చర్చి సంగతి వద్దు. గన్‌హో జీతం వద్దు. వాళ్ళ ఇల్లు ఎంత పెద్దదో అసలే వద్దు."

"మరి మూగనోము పట్టనా?"

"సినిమాల గురించి మాట్లాడు. సినిమాల మీద ఎవరికీ కోపం రాదు."

మీసుక్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో మొగుడి నోటి నుంచి వచ్చిన మాటల్లో ఆమెకి ఎక్కువ కోపం తెప్పించినవి సినిమాల గురించినవే.

ప్యో దొక్‌మాన్ వృత్తి ఇళ్ళ గోడలకి కాగితం అంటించడం. జిగురు కలపడం, కాగితానికి పూసి మడిచి నిచ్చెన మీదకి అందించడం మీసుక్ పని. పని లేని రోజున ఇద్దరూ పొద్దుటాటకి వెళతారు. తెర మీద ఎవరు ముద్దు పెట్టుకున్నా, ఎవరు పొడుచుకున్నా దొక్‌మాన్ కళ్ళు వాళ్ళ వెనక గోడ మీదే. హాల్లో ఉన్నంతసేపూ గోడల మనిషి. బయటికొచ్చాక గొడవల మనిషి. చేతులతో అంటించేది వృత్తి, నోటితో అంటించేది ప్రవృత్తి.

"నిన్న మూడు సినిమాలూ చూసొచ్చాగా, తయారుగానే ఉన్నా," అన్నాడు పులుసు జుర్రుతూ. "‘ఉప్పు సేన’లో రాజుగారి గది తలుపుకి అంటించిన కాగితంలోంచి బాణం దూసుకొస్తుంది. చిల్లు గుండ్రంగా, నాణెంలా! మల్బరీ కాగితం అలా తెగుతుందా? నిలువునా చీరుతుంది. రాజు చచ్చిపోతే నాకు ఏడుపు రాలేదు కానీ తలుపు చూస్తే వచ్చింది. ఇక ‘పదకొండో అంతస్తు’. గోడలోంచి రక్తం కారుతుందట. అది ప్లాస్టిక్ పూత కాగితం! రక్తం కారదు, బుడగలు లేస్తాయి. ఆ దయ్యానికి పని రాదు."

హయుల్ కోపంలో ఉండి కూడా ఫక్కున నవ్వింది. "ఇదే నాన్నా, సరిగ్గా ఇలాగే మాట్లాడు."

"మూడోది ‘అమ్మ గది’..."

"ఆ సినిమా ఊసు ఎత్తకండి," అంది మీసుక్.

"ఏం?"

"పులుసు చల్లారిపోతోంది."

రెండోసారి ఎవరూ అడగలేదు. సినిమా చూసి వచ్చాక ‘నీకెలా ఉంది’ అని మీసుక్‌ని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

హోటల్లో వాళ్ళకి విడిగా ఒక గది ఇచ్చారు. పెళ్ళికొడుకు గన్‌హో తల్లి హేరన్ బూడిదరంగు పట్టు జాకెట్ తొడుక్కుని, కళ్ళ కింద చారలు పౌడరుతో కప్పుకుని వచ్చింది. తండ్రి మండలాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరేమన్నా తలాడించి, మెడనొప్పి ఒక్కటే మిగుల్చుకున్న రకం. గన్‌హో ఎత్తుగా, మెత్తగా, ప్రతి గిన్నెనీ అందరి ముందుకీ జరుపుతూ కూర్చున్నాడు. గుమ్మడి గంజి వచ్చింది, తొమ్మిది గళ్ళ పళ్ళెం వచ్చింది, కాల్చిన చేప వచ్చింది. రాజుగారి తలుపు గురించి విని మండలాఫీసాయన టీ గుటక వేయలేక దగ్గాడు. పని రాని దయ్యం గురించి విని హేరన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హయుల్ బల్ల కింద తల్లి మోకాలు నొక్కింది, గట్టెక్కేశాం అన్నట్టు.

అప్పుడు హేరన్ రుమాలు తీసింది.

"‘అమ్మ గది’ చూశారా అన్నయ్యగారూ? నేను ఏడ్చానండీ. పక్క సీటావిడ నీళ్ళ సీసా ఇచ్చింది."

"చూశాం," అన్నాడు దొక్‌మాన్, చొక్కా చేతులు పైకి మడుస్తూ. ఆ మడత ఎందుకో మీసుక్‌కి తెలుసు.

కథ ఊరంతటికీ తెలిసిందే. తల్లి ఇక బతకదని తెలిసి కొడుకు ఆమెని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంటాడు. ఒక్క రాత్రిలో ఆమె గదికి పూల కాగితం అంటించి, చలికి నేలకింద గొట్టాల్లో వేడి వెలిగించి, తెల్లారేసరికి పడుకోబెడతాడు. దేశమంతా ముక్కు చీదింది.

"ఆ కోడల్ని చూశారూ!" హేరన్ గొంతు తగ్గించింది. "ఉద్యోగం మానేసి అత్తగారి మంచం పక్కనే ఉండిపోతుంది. ఈ రోజుల్లో అలాంటి పిల్లలెక్కడండీ? మా అత్తగారికీ తొంభై ఒకటి. పెళ్ళయ్యాక పిల్లలుండటానికి మా ఇంట్లో పడమటి గది ఖాళీగానే ఉంది. హయుల్‌ది ఫిజియోథెరపీ పని కదా. అంత నేర్పున్న చేతులు పరాయివాళ్ళకెందుకు, మన ఇంట్లోనే ఉంటే అని మా గన్‌హో కూడా..."

మీసుక్ చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. కూతురి వంక చూసింది. హయుల్ చేపముళ్ళు లెక్కపెడుతోంది. అల్లుడు కాబోయేవాడు టీకప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు. ఓహో, అనుకుంది మీసుక్. ఇది సినిమా కబురు కాదు. సినిమాలో చుట్టి తెచ్చిన కబురు.

ఆ గదిలో అది అర్థం కానివాడు దొక్‌మాన్ ఒక్కడే. వాడే నోరు తెరిచాడు.

"అంతా అబద్ధం!"

"ఏమన్నారు?"

"అబద్ధం వదినగారూ! కాగితం అంటించిన రాత్రే నేల వేడి పెడతాడా ఎవడైనా? మూడు రోజులు వేడి ముట్టుకోకూడదు, కిటికీ తెరవకూడదు, చీకట్లో నెమ్మదిగా ఆరాలి. లేకపోతే అతుకుల దగ్గర టప్ టప్‌మని పగులుతుంది. ఆ తల్లి ప్రశాంతంగా నిద్రపోయిందట! పేలుళ్ళకి గుండె ఆగి పోయుండాలి!"

"నేను మాట్లాడుతోంది కాగితం గురించి కాదండీ. పెద్దవాళ్ళని చూసుకోవడం గురించి."

"నేనూ అదే చెప్తున్నా. ఆ గది అబద్ధం, ఆ కొడుకు అబద్ధం, అది చూసి కార్చిన కన్నీళ్ళు కూడా ఉత్త జిగురే!"

హేరన్ రుమాలు మడిచింది. ఒక మడత, రెండు మడతలు. "తొమ్మిదేళ్ళ నుంచి మా అత్తగారికి నా చేత్తో అన్నం పెడుతున్నాను. నా కన్నీళ్ళు జిగురా?"

"మిమ్మల్ని కాదు వదినగారూ, సినిమాని..."

"లేవండి," అంది హేరన్ మొగుడితో. ఆయన అలవాటు ప్రకారం తలాడించి లేచాడు. భోజనం చివర్లో ఇచ్చే దాల్చినచెక్క పానకం ఇంకా రానేలేదు. గన్‌హో గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి హయుల్ని చూశాడు, తల్లి చెప్పులు చేతిలో పట్టుకుని. తల్లి వెనకే వెళ్ళిపోయాడు.

దారి పొడుగునా వ్యాను వెనక జిగురు బకెట్లు మలుపు మలుపుకీ గొణిగాయి. ఇంట్లో కాలు పెట్టగానే హయుల్ హ్యాండ్‌బ్యాగ్ సోఫా మీదకి విసిరికొట్టింది.

"ఒక్క పూట! ఒక్క పూట నోరు అదుపులో పెట్టుకోలేకపోయావా నాన్నా?"

"నువ్వేగా సినిమాల గురించి మాట్లాడమన్నావు! నేను ఇంకేమన్నా మాట్లాడానా? రాజకీయం ఎత్తానా? జీతం అడిగానా?"

"వాళ్ళమ్మ ఏడుపుని జిగురన్నావు!"

"మంచి జిగురు తక్కువదా? ఆ జిగురే నిన్ను చదివించింది!"

"నీకు గోడలు తప్ప మనుషులు కనపడరు. మా డిగ్రీ పట్టా పండగకి వచ్చి హాలు కప్పు చూసి తేమ పట్టిందన్నావు. ఇప్పుడు నా పెళ్ళి పాడుచేశావు. చాలా?"

"తప్పు వాడిది! ఆ సినిమా తీసినవాడిది! ఒక్క పనివాణ్ణి అడిగుంటే..."

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది మీసుక్.

కేకపెట్టలేదు. అందుకే ఇద్దరూ నోరు మూశారు.

ఆమె జాకెట్ విప్పి కుర్చీకి తగిలించింది. ముందు కూతురి వైపు తిరిగింది. "పడమటి గది సంగతి నీకు ముందే తెలుసా?"

హయుల్ గోళ్ళు చూసుకుంది. "గన్‌హో అడిగాడు. కొన్నాళ్ళే కదా అన్నాడు. సరే అన్నాను."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?"

"కొన్నాళ్ళంటే... కొన్నాళ్ళే అమ్మా."

"నాకూ కొన్నాళ్ళే అన్నారు. ఏడేళ్ళు పట్టింది."

దొక్‌మాన్ మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అమ్మ సంగతి ఎందుకు? అమ్మకి మనం ఏం తక్కువ చేశాం? ఈ ఇంట్లో అన్నిటికన్నా మంచి కాగితం ఆవిడ గదికే వేశాను. ఫెర్నాకుల డిజైను, నా చేత్తో..."

"మీరు ఎప్పుడూ నన్ను అడగలేదు కదా సినిమా ఎలా ఉందని? ఇప్పుడు చెప్తున్నా, వినండి," అంది మీసుక్. "ఆ సినిమాలో కోడలు నాలుగుసార్లు కనిపిస్తుంది. మూడుసార్లు పళ్ళెం పట్టుకొస్తుంది, ఒకసారి ఏడుస్తుంది. దుప్పటి మార్చడం లేదు, ఉతకడం లేదు, రాత్రి ఆరుసార్లు లేవడం లేదు. కొడుకు ఒక్క రాత్రి గోడకి కాగితం అంటించాడు, దేశమంతా వాడి కోసం ఏడ్చింది. నాకు హాల్లో ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ముందు సీటుని తన్నాలనిపించింది. మీరేమో పక్కన కూర్చుని అతుకుల గురించి గొణుగుతున్నారు."

"అది కాదు మీసుక్..."

"నిచ్చెన దగ్గర నాకన్నా చురుకైనదాన్ని చూడలేదనేవారు మీరే. మీ అమ్మ కోసం పని మానేశాను. మీరు ఇంకొకణ్ణి తోడు పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. శనివారం వచ్చి, ఆవిడ చెయ్యి నిమిరి, గోడలు చూసి ‘ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదు, అదీ నా పనంటే’ అనేవారు. మీ అమ్మ గోళ్ళతో ఆ కాగితం పీకేది, తెలుసా? మంచం పక్క గోడంతా. పీకి, చుట్టి, పక్కలో దాచుకునేది."

"ఒక్కసారే కదా పీకింది. మొదట్లో."

"మొదట్లో మీరు చూశారు. అరిచారు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మీరు చూడలేదు, ఎందుకంటే నేను చూడనివ్వలేదు. ప్రతి శుక్రవారం మిగిలిన చుట్టలోంచి ముక్క చింపి అతికించేదాన్ని. కత్తితో కోస్తే అంచు తెలుస్తుంది కాబట్టి చేత్తో చింపి, ఆకుకి ఆకు కలిపి. ఏడేళ్ళు! తెరమీద రాజుగారి తలుపు చిల్లు చూసి పట్టుకునే మనిషి, సొంత ఇంట్లో సొంత గోడ ఒక్కనాడన్నా పట్టుకున్నాడా?"

దొక్‌మాన్ లేచి వెనక గదిలోకి వెళ్ళాడు.

ఒకప్పుడు ఆవిడ మంచం ఉన్న గది అది. తల్లి పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు అందులో కాగితం చుట్టలు పెడుతున్నారు. చుట్టలు పక్కకి దొర్లిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి హయుల్ తలుపు తోసింది. తండ్రి నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గుడ్డివాడిలా రెండు అరచేతులతో గోడ తడుముతున్నాడు.

"కంటికి తెలియడం లేదు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "వేళ్ళకే తెలుస్తోంది. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఇది నా పని కాదు మీసుక్. నా పని ఇందులో కప్పు దగ్గర ఒక్క మూర మిగిలింది. నేను ఊరంతా చెప్పుకు తిరిగాను, మా అమ్మకి ఎలాంటి గది తీర్చిపెట్టానో అని." అతని భుజాలు ఊగాయి.

"ఏడవకండి," అంది మీసుక్ గుమ్మంలోంచి. "గోడ తడుస్తుంది."

కోపం ఇంకా పోలేదు. పోవాల్సిన అవసరమూ ఆమెకి కనిపించలేదు. కానీ హయుల్ వచ్చి తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, చిన్నప్పటిలా వీపులో మొహం దాచుకుంది. "నాకు గన్‌హో కావాలమ్మా. కానీ ఆ గది... నాకు భయంగా ఉంది. సరే అన్నప్పుడే భయం వేసింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు."

మీసుక్ కుర్చీకి తగిలించిన జాకెట్ జేబులోంచి ఫోన్ తీసింది.

కడిగేద్దామనే చేసింది ఆ ఫోన్. మాటలు కూడా వరుసగా పెట్టుకుంది. అటువైపు హేరన్ "హలో" అన్న మరుక్షణం వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఎవరే అక్కడ?" హేరన్ "నేనేనమ్మా" అంది. అర నిమిషంలో మళ్ళీ, "ఎవరే అక్కడ?" మళ్ళీ "నేనే". మూడోసారికి మీసుక్ వరుసగా పెట్టుకున్న మాటలన్నీ జారిపోయాయి.

"ఆ సినిమా అంత నచ్చిందా వదినగారూ?" అని మాత్రం అడిగింది.

అటువైపు తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. "సగమే చూశాను. మా ఆడపడుచు వచ్చిన రోజు వెళ్ళాను. ఆవిడ గంటలోనే ఫోన్ చేసింది, అమ్మ ఆగడం లేదు రమ్మని. లేచి వచ్చేశాను."

"మరి అంత ఏడ్చానన్నారు?"

"కుర్చీలో కూర్చున్నానండీ," అంది హేరన్. "గంటసేపు. ఎవరూ పిలవలేదు. ఏడుపు రాదా?"

మీసుక్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "మరి అదే చెప్పొచ్చుగా! మా పిల్లని ఆ గదిలోకి లాగడమెందుకు?"

"సాయం కావాలని ఎవర్ని అడగాలో నాకు తెలియదు వదినగారూ. మగవాళ్ళని అడగడం నాకు ఎవరూ నేర్పలేదు."

"నాకూ ఇవాళే వచ్చింది. గురువారం పొద్దుటాటకి రండి. మిగతా సగం చూద్దాం."

"అయ్యో, అత్తగారిని ఎవరు చూస్తారు?"

"మీ ఆయన ఉన్నారు. మీ అబ్బాయి సెలవు పెడతాడు. నా మొగుణ్ణి పంపిస్తాను. ఒక్క ముసలావిడకి ముగ్గురు మగాళ్ళు చాలరా?"

గురువారం తొమ్మిదిన్నరకి మీసుక్ కాబోయే వియ్యపురాలితో హాల్లో కూర్చుంది. ఆటకి మొత్తం పదిమంది లేరు. తెరమీద కొడుకు నిచ్చెన ఎక్కేలోపే హేరన్ తల పక్కకి వాలింది. బూడిదరంగు జాకెట్ భుజం మీసుక్ భుజానికి ఆనింది. చేతిసంచిలో ఆమె ఫోన్ పదేపదే వణికింది. మీసుక్ ఆ సంచిని తన ఒళ్ళోకి తీసుకుని, దానిమీద తన జాకెట్ కప్పి, పైన రెండు చేతులూ పెట్టుకుంది. సినిమా అయ్యాక ఊడ్చే అమ్మాయి వస్తే, ఇంకొంచెం ఆగమని సైగ చేసింది.

హేరన్ ఇంటికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. హయుల్ ఆస్పత్రి డ్యూటీ మధ్యలో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, నవ్వాలో ఏడవాలో తెలియక. మండలాఫీసాయన ఏప్రన్ కట్టుకుని గంజిగిన్నె పక్కన కూలబడ్డాడు. చొక్కా మీద గంజి, జుట్టులోనూ గంజి. దొక్‌మాన్ ముసలావిడ మంచం పక్క నేలమీద కూర్చుని "నేనేనమ్మా, నేనే" అంటున్నాడు, గొంతు బొంగురుపోయి. ఎన్ని వందలసార్లయిందో. గన్‌హో తడి దుప్పటి చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గది మధ్యలో నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రోజూ ఇంతేనా?"

"ఇవాళ నయం," అంది హేరన్. "మీరు ముగ్గురున్నారు."

గన్‌హో దుప్పటితో సహా అక్కడే కూలబడ్డాడు. "కొన్నాళ్ళే అన్నాను," అని హయుల్ వైపు తిరిగాడు. "నాకేం తెలుసని అన్నాను? ఏమీ తెలియదు. మనం వేరే ఇల్లు చూసుకుందాం. వారంలో రెండు రోజులు నేను వస్తాను ఇక్కడికి. నువ్వు కాదు, నేను. నాన్నా, మిగతా రోజులు మీరు. పగటిపూట సాయానికి సర్కారు తరఫున మనిషిని పెట్టమని మండలాఫీసులో అర్జీ ఇద్దాం. ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నారు, ఒక్క అర్జీ మన కోసం పెట్టలేదేం?"

మండలాఫీసాయన తలాడించబోయాడు. ఎందుకో మధ్యలో ఆపేశాడు. "పెడతాను," అన్నాడు. ఆ రోజు ఆయన నోరు విప్పి అన్న మొదటి మాట అదే. అది విని హేరన్ గోడకి ఆనుకుని, రుమాలు తీసే ఓపిక కూడా లేక, జాకెట్ చేతితోనే మొహం తుడుచుకుంది.

హయుల్ వెళ్ళి గన్‌హో చేతిలోంచి దుప్పటి ఒక కొస పట్టుకుంది. రెండో కొస అతనికే వదిలేసింది. ఇద్దరూ కలిసి స్నానాలగది వైపు నడిచారు.

దొక్‌మాన్ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచాడు. ఆదివారం నాటి మాటకి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక కాసేపు తచ్చాడాడు. చివరికి తనకి వచ్చిన ఒకే దారిలో మొదలుపెట్టాడు.

"వదినగారూ, మిగతా సగం ఎలా ఉంది సినిమా?"

"నాకు తెలియదు అన్నయ్యగారూ," అంది హేరన్. "హాయిగా నిద్రపోయాను."

దొక్‌మాన్ భార్య వైపు తిరిగాడు.

"మీసుక్, మరి నీకెలా ఉంది?"

మీసుక్ అక్కడున్న పీట లాక్కుని, తీరిగ్గా కూర్చుంది.

"చెప్తాను," అంది. "చాలాసేపు పడుతుంది. మీరూ కూర్చోండి."